సముద్రానికి కట్టిన నూలు

నేను పిరికిదాన్ని. దాచుకోవడానికేమీ లేదు, మా వీధిలో అందరికీ తెలుసు. బల్లి మీద పడితే కెవ్వుమంటాను. లిఫ్టు ఎక్కమంటే నాలుగంతస్తులైనా మెట్లెక్కుతాను. టీవీలో తుపాను వార్త వస్తే, అది ఒరిస్సాలో ఉన్నా సరే, మిద్దె మీది బట్టలన్నీ లోపలికి తెచ్చేస్తాను. మా ఆయన ఢిల్లీబాబు నన్ను చూసి పడీపడీ నవ్వుతాడు. పోయినేడాది వేసవిలో నేను పడ్డ భయం మాత్రం అటువంటిది కాదు. దానికి ఆయన కూడా నవ్వలేదు.

మాది నగరి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరు మరమగ్గాలు. నాయన చెంగల్రాయుడు పన్నెండో ఏట మగ్గం దగ్గర నిలబడ్డాడు, ఇప్పుడు అరవై మూడు. నేను పది తప్పి నిలబడ్డాను, ఇప్పుడు ముప్పై ఎనిమిది. పెళ్లయినా వీధి దాటలేదు. మేనమామ కొడుకునే చేసుకున్నాను, పక్కిల్లే. పొద్దున కాఫీ తాగి వచ్చి మెయిన్ స్విచ్ వేస్తే, దీపాలు పెట్టే వేళ దాకా నాయనా నేనూ ఆ షెడ్డులోనే. చెల్లెలు పల్లవి ఒక్కతే ఆ మోత పడలేనని చెవులు మూసుకుని చదువుకుంది. చెన్నైలో కళ్లద్దాల షాపులో పనిచేస్తోంది.

ఆరు మగ్గాలు ఆడుతుంటే షెడ్డులో మాట వినపడదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట తెలుసుకుంటాం, మిగతాదంతా చేతులతోనే. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ అని. రెండు అరచేతులూ కిందికి దించితే ఆపెయ్యమని. మా నేతగాళ్ల ఇళ్లల్లో పిల్లలు అ ఆలకంటే ముందు ఇవి నేర్చుకుంటారు.

మే నెల మొదట్లో ఊళ్లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. నూలు ఇచ్చి నేయించుకునేవాళ్లు మీటరుకు కూలి పెంచాలని సమ్మె. ఢిల్లీబాబు మీటింగులంటూ తిరుగుతున్నాడు. నేను ఆయన పక్షం. నాయనకు సమ్మె ఇష్టం లేదు, ఆ మాట మీద ఇద్దరం కాస్త గట్టిగానే అనుకున్నాం. మర్నాటి నుంచి వీధి నిశ్శబ్దం. పగటిపూట కాకులు అరుస్తాయని మాకు ఆ రోజే తెలిసింది.

నాయన మాట్లాడటం మానేశాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు. అన్నం పెట్టనా అంటే గోడ వంక చూస్తూ కూర్చుంటాడు. నాలుగుసార్లు పిలిచి, విసుగొచ్చి ఎదురుగా వెళ్లి నిలబడితే, "నా మొగం సూసి మాట్లాడు" అంటాడు.

"కూతురు ఎదురు చెప్పినాదని నీలుగుతాండాడు. నువ్వు కూడా పలకబాక, ఎన్నాళ్లుంటాడో సూస్తాం" అంది అమ్మ రంగనాయకమ్మ. సరే, మొండితనంలో నేను ఆయన కూతురినే కదా. నేనూ మాట్లాడలేదు. నాలుగు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరోటి లేదు.

ఐదో రోజు పొద్దున ఆయన టీకి బయల్దేరాడు. టీ అంగడి రైలుకట్టకు అవతల. అమ్మ చెప్పిన కూరగాయలకని నేనూ వెనకే వెళ్లాను, పది గజాల దూరంలో, పలకరించకుండా. నాయన కట్ట ఎక్కాడు. రైలు కూత వేసింది. ఒకసారి కాదు, ఆపకుండా వేస్తూనే ఉంది. అవతల ఎవరో చేతులూపుతున్నారు. నాయన భుజం మీద టవల్ సర్దుకుంటూ, ఇంట్లో వసారాలో నడిచినట్టు నడుస్తున్నాడు. "నాయనా!" అని నేను అరిచిన అరుపు రైలు మోతలో కలిసిపోయింది. రైలు మా ఇద్దరి మధ్యగా వచ్చేసింది. ఆయన దాటాడో లేదో నాకు కనపడలేదు. పెట్టెలు పోతున్నాయి, పోతున్నాయి. చక్రాల కిందికి చూడాలని ఉంది, చూడలేను. కళ్లు మూసుకుని కంకర మీద కూర్చుండిపోయాను.

రైలు పోయాక కళ్లు తెరిచాను. నాయన అవతల నిలబడి ఉన్నాడు. రైలు పోయిన దిక్కే చూస్తున్నాడు. నేను పరిగెత్తి వెళ్లి చొక్కా పట్టుకున్నాను.

"మే, ఇది ఎప్పుడొచ్చినాది?" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. ఆయనకు కోపం లేదు, చెవులు లేవు. ఇంకే ఇంట్లోనైనా ఇది ఏళ్ల ముందే బయటపడేది. మా ఇంట్లో అందరం పెదవులు చూసి, చేతులు చూసి బతికేవాళ్లం కాబట్టి మాకు తెలియలేదు. మగ్గాలు ఆగితే గానీ ఆయనకు వినపడదన్న సంగతి మాకు వినపడలేదు.

పల్లవి చెన్నైలో ఒక చెవి డాక్టరును చూసిపెట్టింది. ఆయన తమిళంలో నెమ్మదిగా, ముఖం మాకేసి పెట్టి చెప్పాడు. పోయింది ఇక రాదు. కుడి చెవిలో ఈమధ్య తగ్గిన వినికిడి కొంచెం తిరిగి రావచ్చు. ఆరు వారాలు మాత్రలు, ప్రతి గురువారం పరీక్ష. మగ్గం మోత దగ్గరికి పోకూడదు. ఆరో వారానికి కూడా రాకపోతే ఇక షెడ్డు మరిచిపోవాల్సిందే, పోతే ఉన్నది కూడా పోతుంది. లేచేటప్పుడు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ చేతిలో పెట్టాడు. అందులో నారింజ రంగు మెత్తటి బిరడాలు రెండు, చెవుల్లో పెట్టుకోవడానికి.

నాయన బయటికొచ్చి డబ్బీ జేబులో వేసుకుని, "మోత ఇనకుండా మగ్గం ఎట్ట నడిపేది? దారం తెగే ముందు మోత మారతాది. ఇది గూడా తెలీని డాక్టరు" అన్నాడు. ఆరో వారం ఏం చెప్పినా ఈయన షెడ్డులోకి పోతాడని నాకు అప్పుడే తెలిసిపోయింది. అందుకే ఆ చెవి బాగుపడాలని ఎక్కిన ప్రతి రైల్లోనూ కొండవైపు తిరిగి దండం పెట్టుకున్నాను.

పరీక్ష పొద్దున అయిపోతుంది. రైలు రాత్రికి. మధ్యలో ఎక్కడ కూర్చోవాలి? పల్లవికి డ్యూటీ. అట్లా మొదటి గురువారం ఎండ తగ్గాక మెరీనాకు పోయాం. నాకు సముద్రమంటే భయం. ఉడకబెట్టిన శనగల సుండల్ అమ్మేవాడి పక్కన చతికిలబడ్డాను. నాయన మాత్రం నీళ్ల దాకా పోయి, చాలాసేపు నిలబడి, తిరిగొస్తూ నాకేసి చేతులూపాడు. ముఖం వెలిగిపోతోంది.

"మే! మన షెడ్డు మోత మే! వీధి చివర నిలబడి ఇన్నట్టే ఇనపడతా ఉండాది!"

ఆయన వెనక గుర్రం వస్తోంది. సవారీ గుర్రం, మెడలో గంటలు, మీద ఒక లావుపాటి మనిషి. గుర్రం వాడు అరుస్తున్నాడు. నాయన నవ్వుతూ నడుస్తున్నాడు. నేను రెండు అరచేతులూ పైకెత్తి కిందికి దించాను, షెడ్డులో చేసినట్టు. నాయన టక్కున ఆగాడు. గుర్రం ఆయన మోచేతిని రాసుకుంటూ పోయింది. నా ఒళ్లో సుండల్ పొట్లం మొత్తం ఇసకపాలైంది.

"నేను ఆగమని సెయ్యి ఊపకపోతే?" అని అరిచాను.

"ఊపినావు గదా" అన్నాడు నాయన.

రెండో గురువారం సంచిలో, నేయగా మిగిలిన ఎర్ర నూలు కోన్ పెట్టుకొచ్చాడు. "ఆ అద్దాల పెట్టెలో కూసోబెట్టి పిట్ట కూతలు ఇనిపిస్తాండారు. అదేం పరీక్ష? నా పరీక్ష నేను పెట్టుకుంటా" అన్నాడు. మెరీనా తడి ఇసకలో సరుగుడు పుల్ల పాతి, దానికి నూలు కొస కట్టాడు. సముద్రానికి వీపు పెట్టి, కోన్ చేత్తో పట్టుకుని, నూలు వదులుకుంటూ రోడ్డువైపు నడిచాడు. అల చప్పుడు ఎక్కడ ఆగిపోతే అక్కడ నిలబడి ముడి వేశాడు. జనం మమ్మల్ని చూసి పక్కకు తప్పుకున్నారు, ఏదో మొక్కుబడి అనుకుని ఉంటారు. ముడి నుంచి పుల్ల దాకా చేత్తో గజాలు కొలిచాడు. యాభై రెండు.

ఆ తర్వాత వారం వారం ఒక బీచి. మూడో గురువారం పట్టినపాక్కంలో అరవై ఎనిమిది గజాలు. నాలుగోది బెసంట్ నగర్‌లో ఎనభై ఒకటి. రైల్లో కూర్చుని ఆయన తీర్పులు చెప్పేవాడు. "మెరీనాది సంత సముద్రం మే. మనుసుల గోలలో దాని గొంతు పోతా ఉండాది. పట్టినపాక్కంది మొరటు, పాత మగ్గం తన్నినట్టు తన్నతాది. బెసంట్ నగర్‌ది పద్ధతైన మోత. ఆడ గంట కూసున్నా తల నొప్పి రాదు." బజ్జీలు మాత్రం మెరీనావే బాగున్నాయనేవాడు. పుట్టి బుద్ధెరిగి నగరి దాటని మనిషి, నాలుగు వారాల్లో చెన్నై సముద్రాలకు మార్కులు వేసే స్థాయికి వచ్చాడు.

నేను ఊరికే కూర్చోలేదు. నాయన గొప్పకు పోయి ముడి దూరంగా వేస్తున్నాడేమోనని నా అనుమానం. అందుకని పక్కనే నడిచేదాన్ని. ఆయన ఆగిన చోట నేనూ ఆగి, ఊపిరి బిగబట్టి వినేదాన్ని. అక్కడ నాకు కూడా ఏమీ వినపడేది కాదు. అంటే ఆయన అబద్ధం చెప్పడం లేదు, అల చప్పుడు అంతవరకే వస్తోంది. బెసంట్ నగర్‌లో అయితే నాకు ఆగిపోయాక కూడా ఇంకో ఆరడుగులు పోయి, "ఇంకా వస్తా ఉండాది" అన్నాడు. కోతలు కోస్తున్నాడని నవ్వుకున్నాను గానీ, లోపల ఎంత సంతోషమో చెప్పలేను. నాయన చెవి నా చెవితో సమానంగా ఉంది. ఇక భయం లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి అమ్మకు చెప్తే, అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

ఆస్పత్రి కాగితం మీద మాత్రం గీత ఏ వారం చూసినా కిందికి జారి అదే చోట ఆగుతోంది. ఐదో గురువారం పరీక్ష చేసే అమ్మాయితో, "మీ మిషన్ సరిగా లేదేమో చూసుకోండి" అని నాకొచ్చిన తమిళంలో గట్టిగానే అన్నాను. ఆ అమ్మాయి నన్నొకసారి వింతగా చూసింది. ఆ రోజు సాయంత్రం వాన, బీచికి పోలేదు.

ఆరో గురువారం పల్లవి సెలవు పెట్టుకుని వచ్చింది. డాక్టరు కాగితాలన్నీ పరుచుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు. కుడి చెవి కూడా రాలేదు. షెడ్డు వద్దు. నాయన ఆయన పెదవుల వంకే చూస్తూ విన్నాడు. నేనే ఆగలేకపోయాను.

"అదెట్ట సార్? ఆయనకు నా మాదిరే ఇనపడతా ఉండాది. మేము కొలిచినాం!"

"మెల్లగా మాట్లాడక్కా. ఎందుకట్ట అరుస్తావు? బయటోళ్లంతా సూస్తాండారు" అని పల్లవి చెయ్యి పట్టి లాగింది. నేను అరుస్తున్నానని నాకు తెలియదు.

"నీకు నమ్మకం ల్యాదు కదా? రా, సూపిస్తా" అన్నాను. ముగ్గురం తిరువాన్మియూర్ బీచికి పోయాం. చిన్న బీచి, జనం పలచన. ఇసక అయిపోతే ఒక ప్రహరీ, దాని వెనక ఇళ్ల వీధి. నాయన పుల్ల పాతాడు, నూలు కట్టాడు, నడిచాడు. నేను ఒక పక్క, పల్లవి ఒక పక్క. డెబ్బై గజాలు దాటాక ఆయన ఆగి నాకేసి చూశాడు. నేనూ ఆగాను. చెవులు రిక్కించాను. గాలి తప్ప ఏమీ లేదు.

"సూసినావా?" అన్నాను పల్లవితో. "ఈడికి ఆగిపోయినాది. నాయనకూ ఈడికే, నాకూ ఈడికే."

"ఏంది ఆగిపోయినాది?"

"అల సప్పుడు మే!"

పల్లవి నా ముఖం చూసింది. వేళాకోళం చేస్తున్నాననుకుని మొదట నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. నాయన చేతిలో నుంచి కోన్ తీసుకుని, ముడి వేయకుండా ముందుకు నడిచింది. ఇసక మీదికి లాగిపెట్టిన పడవలు దాటింది. ప్రహరీ సందులోంచి వీధిలోకి పోయింది. ఎర్ర దారం గోడ పక్కగా మలుపు తిరిగి కనపడకుండా పోయింది. నేనూ నాయనా ఆ దారం వంక చూస్తూ నిలబడ్డాం. అది ఇంకా కదులుతూనే ఉంది. చాలాసేపటికి ఆగింది. నా ఫోను మోగింది.

"అక్కా, నూలు అయిపోయినాది." అంది పల్లవి. "కొబ్బరిబోండాల బండి కాడ ఉండా. ఈడ గూడా ఇనపడతా ఉండాది. బాగానే ఇనపడతా ఉండాది."

నేను ఫోను పెట్టేసి సముద్రం వైపు తిరిగాను. ఒక్కో అడుగే వేశాను. సముద్రమంటే భయపడే నేను, ఆ చప్పుడు కోసం నీళ్ల దగ్గరికి పోయాను. చాలా దగ్గరికి పోయాకే కాస్త స్పష్టంగా వినపడింది. కళ్ల ముందు అల విరిగి పడుతోంది, తెల్లగా, అంతెత్తు. అయినా దాని చప్పుడు పక్కింట్లో పడ్డట్టుంది. టీవీ మోత తగ్గించమని అమ్మ రోజూ అరవడం, ఫోను ఎప్పుడూ స్పీకర్లో పెట్టి మాట్లాడే నా అలవాటు, ఆ పరీక్ష అమ్మాయి నన్ను చూసిన చూపు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. నాకు ముప్పై ఎనిమిది. నాయన వయసు రావడానికి ఇంకా పాతికేళ్లున్నాయి. పాతికేళ్లలో ఇంకెంత పోతుంది? ఆ తడి ఇసకలోనే కూర్చున్నాను. రైలు మా మధ్యగా పోయినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. అప్పుడు కళ్లు తెరిస్తే నాయన అవతల ఉన్నాడు. ఇప్పుడు కళ్లు తెరిచే ఉన్నాయి.

నాయనకు ఎవరమూ ఏమీ చెప్పలేదు. ఆయన ఏమీ అడగలేదు. నూలంతా తిరిగి కోన్‌కు చుట్టడానికి అరగంట పట్టింది. ఆ రోజు ముడి వేయలేదు, గజాలు కొలవలేదు, రైల్లో ఆ సముద్రానికి మార్కులూ వేయలేదు.

జూన్ చివర్లో సమ్మె తేలింది. అడిగినంత కాదు గానీ, కూలి కొంత పెరిగింది. సోమవారం పొద్దున మంచి వేళ చూసి మగ్గాలు వేద్దామన్నారు. నేను షెడ్డులోకి పోయేసరికి నాయన అప్పటికే అక్కడున్నాడు. మగ్గాలకు నూనె పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఒక చెయ్యి మెయిన్ మీద వేసుకుని నిలబడ్డాడు. పోట్లాడదామనే వెళ్లాను. ఆయన జేబులోంచి ఆ ప్లాస్టిక్ డబ్బీ తీసి నా చేతిలో పెట్టాడు.

"పెట్టుకో."

"ఇవి నీవి నాయనా."

"నాది అయిపోయినాది లే. నీది ఇంకా ఉండాది."

అంటే ఆ రోజే ఆయనకు తెలుసు. పల్లవి వీధి మలుపు తిరిగినప్పుడే తెలుసు. పది రోజులు ఆ డబ్బీని జేబులో పెట్టుకుని, ఈ సోమవారం కోసం కాచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దానితోపాటే కోపమూ వచ్చింది. డబ్బీలో ఉన్నది ఒక్క జతే. ఆయన చేతిని మెయిన్ మీద నుంచి తీసి పక్కన పెట్టాను. ఆయన కళ్లల్లోకి చూస్తూ రెండు అరచేతులూ కిందికి దించాను. ఆపు.

"నేను మెడికల్ షాపుకు పోయొస్తా. అంతవరకు దీన్ని ఎవరైనా ముట్టుకున్నారో, సూడు!"

నాయన ఒకడుగు వెనక్కి వేశాడు. నన్ను చూసి ఒక మనిషి జంకడం నా జన్మలో అదే మొదలు.

వీధిలోకి వచ్చాను. ఒక్కో ఇంట్లో మగ్గాలు మొదలవుతున్నాయి. రెండు నెలలుగా వాటి కోసమే ఎదురుచూసిన వీధి, వాకిళ్లలో జనం నవ్వుతున్నారు. నేను గోడల పక్కన నడుస్తూ, ఏ షెడ్డు మోత ఎంత దగ్గరికి పోతే నాకు అందుతోందో చూసుకుంటూ, భయపడుతూ పోయాను.

మెడికల్ షాపు సునీల్‌కుమార్ నా కళ్ల ముందు పెరిగినవాడు. డబ్బీ తెరిచి చూపించాను. "ఇట్టాంటివి కావాలబ్బా. నాయనకు, అమ్మకు, ఢిల్లీబాబుకు. ఉంటే ఇంకా నాలుగు జతలు." అతను చూసి, తలూపి, వెనక్కి తిరిగి అరల్లో వెతకడం మొదలుపెట్టాడు. కాసేపటికి అతని భుజాలు కదిలిన తీరు చూస్తే ఏదో అంటున్నాడనిపించింది. నేను కాచుకున్నాను. అతను వెతుకుతూనే మళ్లీ ఏదో అన్నాడు. జవాబు రాకపోయేసరికి చేతులు ఆగిపోయాయి. తిరగకుండానే, మూడోసారి.

నేను బల్ల మీద గట్టిగా తట్టాను.

"నా మొగం సూసి మాట్లాడు" అన్నాను.

సునీల్‌కుమార్ గిరుక్కున తిరిగాడు. పాపం, బెదిరిపోయాడు.

"ఏమక్కా, కోపమా?"

"కోపం కాదబ్బా" అన్నాను. "ఇనపళ్ళేదు."